టికెట్టులో 3 గంటలు.. గాల్లో పదహారున్నర!

హోసూరు, కోలారు, బాగేపల్లి, బళ్లారి ప్రాంతాల తెలుగిళ్లలో పిల్లలు కాలిఫోర్నియాలో కొలువు చేయడం ఇప్పుడు కొత్త కాదు. కూతురి కాన్పుకనో, మనవళ్లను చూసుకుందామనో పెద్దోళ్లు విమానం ఎక్కుతున్నారు. టికెట్టు చేతికొచ్చాకే అసలు తికమక! మధ్యాహ్నం 2 గంటలకు బెంగళూరులో ఎక్కితే అదే రోజు సాయంత్రం 5 గంటలకు శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగుతారని అందులో ఉందనుకుందాం. ‘మూడు గంటలేనా? బళ్లారి బస్సుకే అంతకన్నా ఎక్కువ పడుతుందే!’ అనిపిస్తుంది.

గడియారం చేసే మాయ

టికెట్టు మీద ఏ ఊరికి ఆ ఊరి టైమే వేస్తారు. నవంబరు మొదట్నుంచి మార్చి రెండో వారం దాకా శాన్‌ఫ్రాన్సిస్కో మనకంటే పదమూడున్నర గంటలు వెనక. మిగతా నెలల్లో అక్కడ గడియారాన్ని గంట ముందుకు తిప్పుతారు కనుక తేడా పన్నెండున్నరే. చలికాలమైతే ఆ 3 గంటలకు పదమూడున్నర కలపాలి. పదహారున్నర గంటలు.. అదీ అసలు ప్రయాణం! వచ్చేటప్పుడు కలపకూడదు, తీసేయాలి.

శనివారం ఎక్కి.. సోమవారం దిగి..

ఈ రెండు విమానాశ్రయాల మధ్య అతి దగ్గరి దారి దాదాపు 14 వేల కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోయినా పదిహేనున్నర గంటలు పడుతుంది. 2021 జనవరి 9, శనివారం రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరిన ఎయిరిండియా విమానం ఉత్తర ధ్రువం మీదుగా వచ్చి 11, సోమవారం తెల్లవారుజామున బెంగళూరులో దిగింది. జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనవరె, శివానీ మన్హాస్.. పైలట్లందరూ మహిళలే. తేదీలు రెండు మారినా గాల్లో ఉన్నది సుమారు 17 గంటలే.

పోయేటప్పుడు, వచ్చేటప్పుడు సమయం ఒకేలా ఉండదు. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తుంటుంది. పసిఫిక్ మీదుగా తూర్పుకు పోయే విమానాన్ని అది వెనక నుంచి తోస్తుంది. ఎదురైతే ఆలస్యం తప్పదు. దారి మూసుకుపోయినా అంతే. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేయడంతో దిల్లీ నుంచి పడమటి దేశాలకు పోయే విమానాలు చుట్టు తిరగాల్సి వచ్చింది.

లెక్క తప్పితే ఇబ్బందే

చక్కెర జబ్బుకు ఇన్సులిన్ తీసుకునేవారు తేదీని కాదు, గంటలనే నమ్ముకోవాలి. ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో డాక్టరును ముందే అడిగి రాయించుకోవాలి. మందులు చేతిసంచిలోనే ఉండాలి. కాళ్లు పట్టేయకుండా మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వేయాలి. నడవలేనివారికి చక్రాల కుర్చీ కావాలని టికెట్టు తీసేటప్పుడే చెప్పుకోవాలి. నేరుగా పోయే విమానాలు ఎప్పుడూ ఒకేలా ఉండవు. మధ్యలో మారాల్సి వస్తే అక్కడి నిరీక్షణనూ లెక్కలో వేసుకోవాలి.

ఇంటి నుంచి దేవనహళ్లి దూరమూ మరవొద్దు. బాగేపల్లి వాళ్లకు అది దారిలోనే తగులుతుంది. హోసూరు వాళ్లు మాత్రం బెంగళూరు ఈ కొస నుంచి ఆ కొసకు దాటాలి. విమానానికి మూడు గంటల ముందే చేరాలి కాబట్టి ట్రాఫిక్‌నూ కలుపుకొని ఇల్లు కదలడం మేలు.