దేవుళ్ల పక్కన రైతు బొమ్మ

తెలుగు తెర మీద దేవుళ్లూ మహారాజులూ తప్ప మరొకరు కనిపించని రోజుల్లో కృష్ణా జిల్లా యువకుడొకరు ‘మన ఊరి మనుషుల్నే చూపిస్తా’నన్నారు. జమీందారు పెట్టుబడితో జమీందారీనే ప్రశ్నించారు. సినిమా నిషేధం దాకా వెళ్లినా మాట మార్చలేదు. సొంత ఆలోచనతో సినిమా తియ్యాలని కలలుకనే నేటి కుర్రకారు తప్పక తెలుసుకోవాల్సిన గూడవల్లి రామబ్రహ్మం కథ ఇది.

కొండపల్లి బొమ్మల కాలనీలో ఏ ఇంటి ముందు నిలబడినా ముందుగా కళ్లకు కనిపించేవి దశావతారాలు. చేప దగ్గర్నుంచి కల్కి దాకా వరసగా పది బొమ్మలు. వాటి పక్కనే మరికొన్ని ఉంటాయి. తాటిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడు, ఎడ్లబండి తోలుతున్న రైతు, రోకలి పట్టి వడ్లు దంచుతున్న ఇల్లాలు...

అన్నిటికీ అదే తెల్లపొణికి చెక్క. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసిన అదే మక్కు. దేవుణ్ణి చెక్కిన చెయ్యే రైతునీ చెక్కింది. దేవుడికి ఎక్కువా రైతుకి తక్కువా అన్న తేడా ఆ పనితనంలో ఎక్కడా కనపడదు.

కొండపల్లి కళాకారులకు తరతరాలుగా తెలిసిన ఈ సంగతి తెలుగు సినిమాకి తెలియడానికి కొంతకాలం పట్టింది. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో మన సినిమాకు మాటలొచ్చాయి. ఆ తర్వాత చాలాకాలం ఆ మాటలన్నీ దేవుళ్లూ రాజులూ మునులే మాట్లాడుకున్నారు. 1936లో వచ్చిన ‘ప్రేమవిజయం’ లాంటి ఒకటీ అరా సాంఘికాలు తప్పిస్తే తెరంతా కిరీటాలే!

సరిగ్గా అప్పుడొచ్చారు గూడవల్లి రామబ్రహ్మం.

పత్రిక నుంచి తెరకు...

ఇప్పుడంటే కొండపల్లి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది కానీ అప్పట్లో ఇదంతా కృష్ణా జిల్లాయే. ఆ జిల్లాలోని నందమూరులో 1902లో పుట్టారు రామబ్రహ్మం. స్వాతంత్ర్యోద్యమం, సంఘసంస్కరణ, గ్రంథాలయాలు, నాటకాలు... ఊరూరా కొత్త గాలి వీస్తున్న కాలంలో పెరిగారు. మద్రాసులో ‘ప్రజామిత్ర’ పత్రికకు సంపాదకుడిగా పనిచేశారు.

పత్రిక నడిపిన మనిషికి ఓ విషయం బాగా తెలుస్తుంది. ఎంత మంచి వ్యాసం రాసినా చదువొచ్చినవాడే చదువుతాడు. ఆ రోజుల్లో మన పల్లెల్లో చదువొచ్చినవాళ్లు ఎంతమంది? అదే సినిమా అయితే అక్షరం ముక్క రానివాళ్లూ చూస్తారు, పక్కవాళ్లకూ చెబుతారు. ‘ప్రజామిత్ర’లో చర్చించే విషయాలు తెరమీదికి వస్తే వాటిని వినేవాళ్లు ఎన్నో రెట్లు పెరుగుతారు.

ఆలోచన బాగానే ఉంది. డబ్బో?

సొంత ఆలోచనతో సినిమా తియ్యాలనుకునే ఏ కుర్రాడికైనా ఎదురయ్యే మొదటి ప్రశ్న అదే. ఆయనకూ అదే ఎదురైంది. అప్పుడు అండగా నిలిచినవారు చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్. ఆయన పెట్టుబడితో సారథి ఫిల్మ్స్ మొదలైంది. కృష్ణా డెల్టా మట్టిలోంచి వచ్చిన ఆలోచన ఒకరిదైతే, అదే మట్టిలోంచి వచ్చిన డబ్బు మరొకరిది.

మాలపిల్లే కథానాయిక!

సారథి వారి మొదటి సినిమా ‘మాలపిల్ల’. 1938 సెప్టెంబరులో విడుదలైంది. అప్పటికి రామబ్రహ్మం వయసు 36 ఏళ్లు. దర్శకుడిగా అదే తొలి ప్రయత్నం. మొదటి సినిమాయే కదా, జాగ్రత్తగా ఏ పురాణమో ఎంచుకుందాం అనుకోలేదాయన.

కథ ఎవరిదో తెలుసా? గుడిపాటి వెంకటచలానిది! ‘మైదానం’ రాసి అప్పటికే పెద్దమనుషుల కోపానికి గురైన రచయిత. బెజవాడలోనే కాపురం. ‘ఆయన పేరు చెబితే జనం రారేమో’ అని భయపడాల్సిన చోట, ఆయన్నే పిలిచి కథ తీసుకున్నారు రామబ్రహ్మం.

ఓ పల్లె. అందులో ఆచారాలను ప్రాణంగా చూసుకునే సుందరరామశాస్త్రి. దళితులకు గుళ్లోకి ప్రవేశం లేదు, చెరువు నీళ్లు ముట్టుకునే వీల్లేదు. అలాంటి శాస్త్రిగారి కొడుకు ఓ మాలపిల్లను ప్రేమిస్తాడు. శాస్త్రిగా గోవిందరాజుల సుబ్బారావు, కథానాయికగా కాంచనమాల నటించారు.

ఇప్పుడు వింటే మనకిది మామూలు ప్రేమకథలాగే అనిపించవచ్చు. కానీ కాలాన్ని గుర్తుపెట్టుకోవాలి. గాంధీజీ హరిజన యాత్ర చేస్తూ 1933 చివర్లో ఆంధ్ర ప్రాంతానికి వచ్చి వెళ్లారు. ఆ వేడి ఇంకా చల్లారలేదు. ఆలయ ప్రవేశానికి వీలు కల్పించే చట్టం మద్రాసు రాష్ట్రంలో వచ్చింది 1939లో. అంటే... చట్టం కన్నా సినిమాయే ఓ ఏడాది ముందుంది!

ఇంకో సాహసం మాటల్లో ఉంది. పాత్రలన్నీ గ్రాంథికంలో మాట్లాడటం అప్పటి అలవాటు. ‘మాలపిల్ల’కు మాటలు రాసిన తాపీ ధర్మారావు ఆ అలవాటును పక్కనపెట్టి, మనుషులు ఇళ్లలో మాట్లాడుకునే తెలుగునే తెరమీద వినిపించారు. గిడుగు రామమూర్తి జీవితమంతా పోరాడింది ఆ వాడుక భాష కోసమే కదా. బసవరాజు అప్పారావు పాటలు, భీమవరపు నరసింహారావు సంగీతం... అన్నీ కలిసి సినిమా విజయవంతమైంది. ఊళ్లలో పెద్ద చర్చా లేచింది. కొందరు చూసి మెచ్చుకుంటే, కొందరు చూసి ఇంటికెళ్లి స్నానం చేశారని అప్పటి సంగతులు చెప్పేవాళ్లు ఇప్పటికీ నవ్వుతూ గుర్తుచేస్తుంటారు.

పెట్టుబడి జమీందారుది... సినిమా రైతుది

తొలి సినిమా ఆడింది. పేరొచ్చింది. పెట్టుబడి పెట్టినవారూ సంతోషించారు. ఇప్పుడేం చెయ్యాలి? అదే దారిలో మరో ప్రేమకథ తీసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. రామబ్రహ్మం మాత్రం ఇంకా ఇబ్బందికరమైన విషయాన్ని ఎంచుకున్నారు. అదే ‘రైతుబిడ్డ’.

అప్పటి పరిస్థితి ఏమిటంటే- జమీందారీ గ్రామాల్లో రైతు దున్నే భూమి మీద అతడికి భరోసా లేదు. శిస్తు కట్టాలి, షావుకారు అప్పు తీర్చాలి, దివాణం చెప్పినవారికే ఓటెయ్యాలి. 1937-38లో రైతులు ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా నడిచి తమ గోడు చెప్పుకున్నారు. రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు అధ్యక్షతన ఏర్పాటైన సంఘం జమీందారీల మీద విచారణ జరిపి 1938లో నివేదిక ఇచ్చింది. జిల్లాలన్నిటా అదే మాట, అదే చర్చ.

ఆ చర్చనే తెరమీదికి తెచ్చారు రామబ్రహ్మం. అప్పుకీ ఓటుకీ మధ్య నలిగిపోయే చిన్న రైతు నర్సిరెడ్డి. ఆ పాత్రను వేసింది నాటకరంగంలో దేశమంతా పేరున్న బళ్లారి రాఘవ. త్రిపురనేని గోపీచంద్ మాటలు రాశారు. కొసరాజు రాఘవయ్య పాటల రచయితగా సినిమాల్లోకి వచ్చింది ఈ చిత్రంతోనే. పల్లె పదాలు, జానపదుల బాణీలు ఆయనతోపాటే తెరకెక్కాయి. ప్రకాశం పంతులు తమ్ముడి కూతురు టంగుటూరి సూర్యకుమారి అందులో నటించింది. చల్లపల్లికి దగ్గర్లోనే ఉన్న కూచిపూడి నుంచి వేదాంతం రాఘవయ్య వచ్చి దశావతార శబ్దానికి నృత్యం చేశారు.

చూశారా! రైతు కష్టం చెప్పే సినిమాలో దశావతారాలు. రామబ్రహ్మానికి దేవుళ్ల మీద కోపమేమీ లేదు. వాళ్ల పక్కన రైతుకీ కాస్త చోటు కావాలన్నారంతే. అచ్చం కొండపల్లి బొమ్మల అరలో ఉన్నట్టే.

1939 ఆగస్టులో సినిమా వచ్చింది. జమీందార్లకు కోపమూ వచ్చింది. బొబ్బిలి, వెంకటగిరి సంస్థానాధీశుల నుంచి లీగల్ నోటీసులు అందాయి. బొబ్బిలి రాజా అంటే అప్పటికి రెండు మూడేళ్ల కిందటి వరకూ మద్రాసు రాష్ట్ర ప్రధాని. 1937 ఎన్నికల్లో వి.వి.గిరి చేతిలో ఓడిపోయిన గాయం ఇంకా పచ్చిగానే ఉంది. అలాంటి సమయంలో ఓటు గురించి, రైతు గురించి ఓ సినిమా! కొన్ని ప్రాంతాల్లో ప్రదర్శనను నిషేధించారు. జనం కోసం తీసిన సినిమా ఆ జనం దగ్గరకే చేరకుండా ఆగిపోయింది.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. ఆ సినిమాకు డబ్బు పెట్టినవారూ జమీందారే! తోటి జమీందార్లకు కోపం తెప్పించే సినిమాకు చల్లపల్లి రాజా వెనక ఉండటం ఎంత విశేషమో, డబ్బిచ్చిన చేతిని చూసి కథ మార్చుకోకపోవడం అంతకన్నా విశేషం.

స్వతంత్రం అంటే...

‘ఇండిపెండెంట్ సినిమా’ అన్న మాట ఇప్పుడు బాగా వినిపిస్తోంది. పెద్ద సంస్థల డబ్బు లేకుండా, పేరున్న తారలు లేకుండా తీసేదే స్వతంత్ర సినిమా అని ఓ లెక్క. ఆ లెక్కన చూస్తే రాజావారి డబ్బుతో సినిమా తీసిన రామబ్రహ్మం అందులోకి రారు. కానీ ఆయన సినిమాలు చూస్తే ఆ లెక్కే సరిచూసుకోవాలనిపిస్తుంది. సినిమాకి డబ్బు ఎప్పుడూ ఎవరో ఒకరు పెట్టాల్సిందే. అది బంధువులదా, స్నేహితులదా, రాజుగారిదా అన్నది తర్వాతి మాట. ‘ఈ ఒక్క విషయంలో మాత్రం సర్దుకోను’ అని దర్శకుడు ముందే తేల్చుకున్నాడా లేదా అన్నదే అసలు సంగతి. రామబ్రహ్మం తేల్చుకున్నది చాలా చిన్నది. మన మనుషులు, మన భాష, మన ఊళ్లో నిజంగా జరుగుతున్న గొడవ... ఈ మూడూ ఉండాలి. కథ చలానిదైనా, నటుడు బళ్లారి నుంచి వచ్చినా, డబ్బు చల్లపల్లిదైనా ఆ మూడూ మారలేదు.

దానికి ఖరీదూ చెల్లించారాయన. ‘ఇల్లాలు’, ‘అపవాదు’, ‘పత్ని’, ‘పంతులమ్మ’... తర్వాతా వరసగా తీశారు. మొదటి రెండింటిలా ఊళ్లను కుదిపినవి మాత్రం లేవు. 1945లో ఆయన తీసిన ‘మాయాలోకం’ జానపద చిత్రం. కిరీటాలకు దూరంగా బయల్దేరిన మనిషి చివరికి రాజుల కథే తియ్యాల్సి వచ్చిందన్నమాట. 1946లో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 44 ఏళ్లే.

మరో రెండేళ్లకు, 1948లో మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దు చట్టం వచ్చింది. ‘రైతుబిడ్డ’ అడిగింది జరగడం చూడటానికి రామబ్రహ్మం లేరు. సారథి పేరు మాత్రం నిలిచింది. చల్లపల్లి రాజా 1956లో హైదరాబాద్ అమీర్‌పేటలో ప్రారంభించిన సారథి స్టూడియోస్ రాజధానిలో తెలుగు సినిమా స్థిరపడటానికి పునాది వేసింది.

ఆ దారి మూసుకుపోలేదు

రామబ్రహ్మం వేసిన దారిలో గడ్డి మొలిచిందేమో కానీ దారి మాత్రం మూసుకుపోలేదు. ‘మాలపిల్ల’ వచ్చిన సరిగ్గా 80 ఏళ్లకు, 2018 సెప్టెంబరులో ‘కేరాఫ్ కంచరపాలెం’ వచ్చింది. కొత్త దర్శకుడు వెంకటేశ్ మహా విశాఖపట్నంలోని కంచరపాలెం వాసుల్నే నటులుగా పెట్టి తీసిన సినిమా. అమెరికాలో గుండె వైద్యురాలిగా పనిచేస్తున్న పరుచూరి ప్రవీణ నిర్మాత. పేరున్న ముఖం ఒక్కటీ లేదు. అందులోనూ కులం ఉంది, మతం ఉంది, వాటికి అడ్డంపడే ప్రేమ ఉంది. మాట్లాడేది ఉత్తరాంధ్ర యాస. న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కు వెళ్లిన ఆ సినిమాను తర్వాత దగ్గుబాటి రానా అండతో థియేటర్లలో విడుదల చేశారు.

2021లో ప్రవీణ్ కండ్రేగుల ‘సినిమా బండి’ తీశారు. ఓ పల్లెటూరి ఆటోడ్రైవరుకు ఎవరో మర్చిపోయిన కెమెరా దొరుకుతుంది. దాంతో ఊరంతా కలిసి సినిమా తియ్యడానికి సిద్ధమవుతుంది. అదీ కథ. కెమెరా అందని వస్తువుగా ఉన్నంతకాలం అది ఊరి కలే. ఇప్పుడు ప్రతి జేబులోనూ కెమెరా ఉంది. ‘మాకు అవకాశం ఎక్కడుంది?’ అన్న పాత సాకు సగం తీరిపోయింది.

మిగతా సగం మాత్రం రామబ్రహ్మం నాటిదే. ఏం చూపించాలి? ఎవరికి కోపం వచ్చినా ఫరవాలేదనుకునేంత ముఖ్యమైన విషయం మన దగ్గర ఏముంది? ఈ ప్రశ్నకు సమాధానం ఫోన్‌లో దొరకదు.

అందుకే సినిమా తియ్యాలని ఉబలాటపడే పిల్లలు ఇంట్లో ఉంటే, ఓ ఆదివారం వాళ్లను కొండపల్లి తీసుకురండి. విజయవాడ నుంచి పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు. ఖిల్లా చూపించండి. ఫొటోలు, వీడియోలు తీసుకోనివ్వండి. దిగివచ్చేటప్పుడు మాత్రం బొమ్మల కాలనీలో ఓ పది నిమిషాలు ఆగండి. దశావతారాల పక్కన నిలబడ్డ ఆ ఎడ్లబండి రైతును వాళ్ల చేతికివ్వండి.

ఆ బొమ్మ వెనక ఎన్ని కథలున్నాయో వెతుక్కునే పని వాళ్లకే వదిలేయండి.