దసలి పట్టు: తొడ మీద పేనిన దారం

బిలాస్‌పూర్ నుంచి కట్నీ వెళ్లే రైలు మార్గంలో కర్గీ రోడ్ స్టేషన్ వస్తుంది. కోటా పట్టణానికి అదే స్టేషన్. దగ్గరలోనే అచానక్‌మార్ అడవులు. ఛత్తీస్‌గఢ్‌వాసులు ‘కోసా’ అని పిలిచే పట్టుకు ఇలాంటి అడవులే పుట్టిల్లు. తెలుగువారికి ఇది దసలి పట్టు. తెలంగాణలో మహాదేవపూర్ ఇందుకు పేరుపడ్డ ప్రాంతం.

మల్బరీ పట్టుపురుగు ఇంట్లో తట్టల్లో పెరుగుతుంది. దసలి పురుగు (ఆంథెరేయా మైలిట్టా) ఆరుబయట, మద్ది చెట్ల ఆకులు తింటూ పెరుగుతుంది. పక్షుల పాలు కాకుండా మనిషి కాపలా ఉండాల్సిందే. అది కట్టుకునే గూడు గట్టి కాడతో కొమ్మకు వేలాడుతుంది. చలికాలంలో కట్టిన గూళ్లలో ప్యూపా వేసవి అంతా నిద్రావస్థలో గడిపి, తొలకరికి గానీ బయటికి రాదు. అంతకాలం నిలవాలి కాబట్టే గూడు అంత గట్టిది: పోగులను సెరిసిన్ అనే జిగురు ప్రొటీన్ అతికిస్తుంది, టానిన్లు, కాల్షియం ఆక్సలేట్ దాన్ని ఇంకా బిగిస్తాయి. చిమ్మట మాత్రం కొకూనేజ్ అనే ఎంజైమ్‌తో ఒక కొసను మెత్తబరచుకుని బయటపడుతుంది.

మనిషికి ఆ సౌకర్యం లేదు. గూళ్లను సోడా కలిపిన నీళ్లలో ఉడికించాలి. ఆపైన పని ఆడవాళ్లది. నేలమీద కూర్చుని, నాలుగైదు గూళ్ల పోగులు కలిపి లాగుతూ, చీర పైకి జరిపి, వట్టి తొడ మీద అరచేత్తో పురి పెడతారు. రెండో చేత్తో ‘నట్వా’ అనే చట్రానికి చుడతారు. గంటల తరబడి ఒరుసుకుని చర్మం పుండవుతుంది, నడుము పట్టేస్తుంది. నలుగురి మధ్య అలా కూర్చోవడంలోని ఇబ్బంది వేరు. పెళ్లికీ పూజకూ శ్రేష్ఠమని కొనే చీరకు చాంపా ఊరి పేరుంది, నేసిన దేవాంగన్‌ల పేరుంది (తెలుగునాట దేవాంగులకూ దాదాపు ఇదే పేరు). దారం తీసిన మనిషి పేరు ఎక్కడా వినపడదు.

ఈ పద్ధతిని మాన్పించడానికి కేంద్ర సిల్క్ బోర్డు పరిశోధన సంస్థ, చాంపాకు చెందిన ఒక పారిశ్రామికవేత్తతో కలిసి ‘బునియాద్’ యంత్రాన్ని తయారుచేసింది. 2019లో కేంద్ర ప్రభుత్వం వాటిని దారం తీసే మహిళలకు అందజేసింది. ఇందులో పురి వేసేది కదురు. మనిషి పని పోగులు అందించడం, తెగితే అతకడం. దారం మందం కూడా ఒకే తీరుగా వస్తుంది. అయితే తొడకు ఖర్చు లేదు, యంత్రానికి ఉంది. అందుకే యంత్రం ఊరికి చేరినా, ప్రతి ఇంటికీ చేరడం అంత తేలిక కాదు.