ఇంజినీరింగ్ కాలేజీలో పాఠం చెప్పేవారికి పాఠం నేర్పేదెవరు?

మెకానిక్ షాపులో కొత్తగా చేరిన కుర్రాడి చేతికి మొదటి రోజే ఇంజిన్ ఇవ్వరు. ముందు పానాలు అందిస్తాడు, నట్లు బోల్టులు కిరోసిన్‌లో కడుగుతాడు. ఉస్తాద్ చెయ్యి ఎలా తిరుగుతోందో చూస్తాడు. కొన్ని నెలల తర్వాత చిన్న పని సొంతంగా చేస్తుంటే ఉస్తాద్ పక్కనే నిలబడి చూస్తాడు. తప్పు పోతే అక్కడికక్కడే సరిచేస్తాడు. హిఫ్జ్ చేసే పిల్లల సంగతీ అంతే. రోజూ ఉస్తాద్ ముందు కూర్చొని సబక్ అప్పజెప్పాలి. నేర్చుకున్నది మరొకరికి నేర్పాలంటే ఉస్తాద్ ఇజాజత్ ఉండాలనే సంప్రదాయం శతాబ్దాల నుంచి వస్తోంది.

ఇంజినీరింగ్ కాలేజీల్లో చాలాచోట్ల ఇలా జరగదు. ఎంటెక్ పూర్తి చేసిన 24 ఏళ్ల యువతి సోమవారం ఉద్యోగంలో చేరితే, మంగళవారం 60 మంది విద్యార్థుల ముందు నిలబడుతుంది. సిలబస్ కాగితం, టైం టేబుల్ చేతికిస్తారు. ఆమె పాఠం ఎలా చెబుతోందో వెనక బెంచీలో కూర్చొని చూసేవారు ఉండరు. పిల్లలకు అర్థమవుతోందా లేదా అన్నది సెమిస్టర్ ఫలితాలు వచ్చాకే తెలుస్తుంది. అప్పటికి చేయి దాటిపోతుంది.

బడిలో టీచర్ కావాలంటే డీఈడీ లేదా బీఈడీ చదవాలి, టెట్ పాస్ కావాలి. ఇంజినీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) అడిగే కనీస అర్హత బీటెక్, ఎంటెక్, వాటిలో ఒకదానిలో ఫస్ట్ క్లాస్. సబ్జెక్టు వచ్చి ఉంటే చాలు, బోధన దానంతటదే వస్తుందన్న నమ్మకం ఇందులో ఉంది. సబ్జెక్టులో దిట్ట అయినవారు కూడా మొదటి రెండు మూడేళ్లు తరగతి గదిలో తడబడటం కాలేజీలకు కొత్తేమీ కాదు.

నష్టం ముందు ఎవరికి?

పాఠం సరిగ్గా సాగకపోతే అందరికీ ఒకేలా దెబ్బ తగలదు. ఇంట్లో అన్నో అక్కో ఇంజినీర్ అయితే పిల్లలు వాళ్లనడిగి గట్టెక్కుతారు. డబ్బుంటే ట్యూషన్ పెట్టించుకుంటారు. కుటుంబంలో మొదటిసారి ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లలకు ఆ దారులు లేవు. వాళ్లకు లెక్చరరే దిక్కు.

అబ్దుల్ కలాం మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరేటప్పుడు ఫీజు కోసం అక్క జొహ్రా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టారు. ఇప్పుడు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నా హాస్టల్, బస్సు, పుస్తకాలు, లాప్‌టాప్ ఖర్చు ఇంటి మీదే పడుతుంది. గల్ఫ్ నుంచి అబ్బా పంపే డబ్బు, అమ్మీ దాచుకున్న నగ ఈ నాలుగేళ్లలోనే కరిగిపోతాయి. మొదటి ఏడాదే గణితం, ఇంజినీరింగ్ డ్రాయింగ్, ప్రోగ్రామింగ్‌లో బ్యాక్‌లాగ్‌లు పడితే పిల్లవాడు ధైర్యం కోల్పోతాడు. తనకు బుర్ర లేదనుకుంటాడు. లోపం బోధనలో కూడా ఉండొచ్చని ఇంట్లో ఎవరికీ తట్టదు.

భాష సమస్య దీనికి తోడవుతుంది. మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయానికి హైదరాబాద్‌లోనూ, కడపలోనూ ఉర్దూ మాధ్యమం పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవారు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. కానీ అక్కడ పాఠం ఇంగ్లిష్‌లో, తోటివారు అప్పటికే ఒక ఏడాది చదివేసి ఉంటారు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికీ ఇంగ్లిష్ ఇబ్బంది ఉంటుంది. వీళ్ల ముఖం చూసి ఎక్కడ ఆగిపోయారో పసిగట్టగల లెక్చరర్ ఉంటే సగం భారం తగ్గినట్టే. ఆ పసిగట్టడం కూడా నేర్చుకుంటేనే వస్తుంది.

బోధన పద్ధతి మారితే ఫలితం మారుతుందా?

మారుతుందనడానికి గట్టి ఆధారం ఉంది. 2014లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. సైన్స్, ఇంజినీరింగ్, గణితం డిగ్రీ తరగతులపై అప్పటికే జరిగిన 225 అధ్యయనాలను అందులో కలిపి పరిశీలించారు. లెక్చరర్ చెబుతూ పోతే విద్యార్థులు వింటూ కూర్చునే తరగతుల్లో సగటున 34 శాతం మంది ఫెయిలయ్యారు. మధ్యమధ్యలో పాఠం ఆపి, లెక్క ఇచ్చి, పక్కవారితో చర్చించి చేయమనే తరగతుల్లో అది 22 శాతానికి తగ్గింది.

ఈ రెండో పద్ధతి వినడానికి తేలికే, 60 మందితో చేయడం కష్టం. ఎప్పుడు ఆపాలి, ఎలాంటి ప్రశ్న వేయాలి, గోల మొదలైతే ఏం చేయాలి, సిలబస్ ఎలా పూర్తి చేయాలి అన్నవి అనుభవం ఉన్నవారు దగ్గరుండి చూపించాలి.

శిక్షణకు ఉన్న దారులు

అధ్యాపకుల శిక్షణ కార్యక్రమాలను కాలేజీల్లో అందరూ ఎఫ్‌డీపీ అంటారు. ఫ్యాకల్టీ డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్ అన్నమాట. దేశంలో ఇందుకు ఏర్పాట్లు తక్కువేమీ లేవు.

చెన్నై, భోపాల్, చండీగఢ్, కోల్‌కతాల్లో సాంకేతిక అధ్యాపకుల శిక్షణకే జాతీయ సంస్థలు ఉన్నాయి. చెన్నై సంస్థకు హైదరాబాద్‌లో విస్తరణ కేంద్రం ఉంది. 1970లో మొదలైన క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్ ప్రోగ్రామ్ కింద కాలేజీ అధ్యాపకులు ఐఐటీల వంటి సంస్థల్లో పైచదువులు చదివే వీలుంది. ఏఐసీటీఈకి చెందిన అటల్ అకాడమీ కొత్త టెక్నాలజీలపై వారం రోజుల లోపు ఎఫ్‌డీపీలు నడుపుతుంది. ఐఐటీ ప్రొఫెసర్ల వీడియో పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా దొరుకుతాయి. సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు కట్టి రాయాలి. గచ్చిబౌలిలోని ఉర్దూ విశ్వవిద్యాలయంలోనూ అధ్యాపకుల శిక్షణ కేంద్రం ఉంది. 2023 సెప్టెంబరులో మొదలైన మాలవీయ మిషన్ కింద ఇలాంటి కేంద్రాలు పనిచేస్తున్నాయి.

వీటన్నిటిలో కొత్త లెక్చరర్‌కు ఎక్కువగా ఉపయోగపడేది ఏఐసీటీఈ రూపొందించిన సాంకేతిక అధ్యాపకుల జాతీయ శిక్షణ. ఇందులో ముందు 8 మాడ్యూళ్లు ఆన్‌లైన్‌లో చదవాలి. పాఠం ప్రణాళిక, బోధన పద్ధతులు, ప్రశ్నపత్రం తయారీ, మూల్యాంకనం వంటివి నేర్పుతారు. ఆ తర్వాత పరిశ్రమలో శిక్షణ, చివరికి ఒక సీనియర్ మెంటర్ పర్యవేక్షణలో శిక్షణ ఉంటాయి.

ఆ చివరి మెట్టే అసలైనది. ఎక్కువగా జారిపోయేదీ అదే.

మెంటర్ చేసే పని ఏమిటి?

ఎఫ్‌డీపీ అయిదారు రోజుల్లో ముగుస్తుంది. మెంటర్ పని కనీసం ఏడాది సాగుతుంది. కొత్త లెక్చరర్ ఎలక్ట్రికల్ క్లాసులో కిర్కాఫ్ నియమం చెబుతున్నారనుకుందాం. బోర్డు మీద సమీకరణం తప్పులేకుండా రాశారు. "అర్థమైందా?" అని అడిగితే క్లాసంతా "ఎస్ మేడం" అంది. వెనక కూర్చున్న మెంటర్‌కు వేరేది కనబడుతుంది. చివరి రెండు వరసల వాళ్లు రాయడం ఎప్పుడో మానేశారు. లూప్‌లో ఒకచోట ప్లస్ ఉన్నది, మరోచోట మైనస్ ఎందుకైందో ఎవరికీ తెలియలేదు.

క్లాస్ అయ్యాక టీ తాగుతూ మెంటర్ ఆ మాట చెబుతారు. "అర్థమైందా అని అడక్కమ్మా. కరెంటు దిశ తిప్పేసి అదే సర్క్యూట్ మళ్లీ ఇవ్వు. రెండు నిమిషాలు ఆగి బెంచీల మధ్య నడువు." అందరి ముందు కాకుండా, రిపోర్టులో రాయకుండా చెప్పారు కాబట్టి ఆమెకు చిన్నతనం అనిపించదు. మర్నాడు చేసి చూస్తుంది. తర్వాత ఆమె కూడా మెంటర్ క్లాసుకు వెళ్లి వెనక కూర్చుంటుంది.

ప్రశ్నపత్రం దగ్గరా మెంటర్ అవసరం ఉంది. అన్నీ "నిర్వచించండి, వివరించండి" ప్రశ్నలే ఇస్తే బట్టీ పట్టినవారు గట్టెక్కుతారు. వాళ్లే రేపు కంపెనీ ఇంటర్వ్యూలో చిన్న సమస్య ఇస్తే నోరు తెరవలేరు. నేర్చుకున్నదాన్ని వాడి చూపించే ప్రశ్న ఎలా తయారు చేయాలో పాత పేపర్లు ముందు పెట్టుకొని చూపించేవారుండాలి.

మెంటర్ అంటే తప్పు జరిగినప్పుడు ముందు నిలబడేవారు కూడా. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎస్ఎల్‌వీ-3 తొలి ప్రయోగం విఫలమైంది. ప్రాజెక్టు డైరెక్టర్ కలాం. విలేకరుల ముందుకు మాత్రం ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్ తానే వెళ్లి బాధ్యత తీసుకున్నారు. 1980 జూలై 18న ప్రయోగం విజయవంతమైనప్పుడు విలేకరులతో మాట్లాడమని కలాంనే పంపారు. ధావన్ అంతకుముందు బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పేరున్న ఇంజినీరింగ్ అధ్యాపకుడు కూడా. ఫలితాలు తగ్గినప్పుడు కొత్త లెక్చరర్‌ను మీటింగులో నిలబెట్టి నిలదీసే విభాగాధిపతులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కాగితాల మీద మెంటరింగ్

కాలేజీలకు గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ, నాక్ సంస్థలు అధ్యాపకుల శిక్షణ, మెంటరింగ్ వివరాలు అడుగుతాయి. అడగడం మంచిదే. దీనివల్ల ఒక చెడ్డ అలవాటూ వచ్చింది. తనిఖీ దగ్గరపడగానే వరసగా ఆన్‌లైన్ ఎఫ్‌డీపీలు పెట్టుకొని సర్టిఫికెట్లు ఫైల్ చేస్తారు. కెమెరా ఆఫ్ చేసి, వేరే పని చేసుకుంటూ లింక్ తెరిచి ఉంచితే హాజరు పడిపోతుంది. తరగతి గదిలో ఏమీ మారదు.

లెక్చరర్లను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. వేసవిలో శిక్షణకు వెళ్లాల్సిన సమయంలో అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిప్పే యాజమాన్యాలు ఉన్నాయి. జీతం ఆలస్యమైతే, పక్క కాలేజీలో కాస్త ఎక్కువ ఇస్తామంటే మనిషి వెళ్లిపోతాడు. సీనియర్లు నిలవని కాలేజీలో మెంటర్ ఎక్కడి నుంచి వస్తారు? వారానికి ఒక గంట మెంటర్ పనికి టైం టేబుల్‌లోనే చోటిచ్చి, దాన్ని పనిభారంలో లెక్కించిన చోటే ఈ పద్ధతి నిలబడుతుంది.

పిల్లలకూ ఒక మెంటర్ ఉండాలి

బీటెక్‌లో చేరగానే మూడు వారాల ఇండక్షన్ కార్యక్రమం ఉండాలని, 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు మెంటర్‌గా ఉండాలని ఏఐసీటీఈ చెబుతోంది. ఎవరికి హాజరు పడిపోతోంది, ఎవరు హాస్టల్‌లో దిగులుగా ఉన్నారు, ఎవరు ఫీజు కట్టలేక క్లాసుకు రావడం లేదు అన్నది ముందుగా తెలియాల్సింది ఈ మెంటర్‌కే. 75 శాతం హాజరు లేకపోతే పరీక్షకు ఇబ్బంది, స్కాలర్‌షిప్‌కూ ఇబ్బంది. ఆ కబురు సెమిస్టర్ చివర్లో ఇంటికి వస్తే చేసేదేమీ ఉండదు. రెండో నెలలో వస్తే దిద్దుకోవచ్చు.

తల్లిదండ్రులు ఏం అడగాలి?

కాలేజీ చూడటానికి వెళ్లినవారు బిల్డింగ్, బస్సు, ప్లేస్‌మెంట్ బోర్డు చూసి వస్తారు. మరో నాలుగు సంగతులు అడిగితే మంచిది.

ఒకటి, లెక్చరర్ల సంఖ్య. 2018-19 నుంచి ఏఐసీటీఈ లెక్క 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు. 60 సీట్ల బ్రాంచిలో నాలుగేళ్లకు కలిపి 240 మంది. అంటే ఆ బ్రాంచికి 12 మంది ఉండాలి. కాలేజీ వెబ్‌సైట్‌లో మాండేటరీ డిస్‌క్లోజర్ అనే పత్రంలో అధ్యాపకుల వివరాలు పెట్టాలి. అందులో పేర్లు లెక్కపెట్టొచ్చు.

రెండు, ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారు? సగం మంది నిరుడు చేరినవారే అయితే కారణం అడగాలి.

మూడు, కొత్త లెక్చరర్ల క్లాసులు సీనియర్లు కూర్చొని చూస్తారా? ఈ ప్రశ్నకు ప్రిన్సిపల్ తడుముకోకుండా జవాబిస్తే ఆ కాలేజీలో పద్ధతి ఉన్నట్టే.

నాలుగు, బిడ్డకు మెంటర్ ఎవరు, ఆ ఫోన్ నంబర్ ఇస్తారా? చేరాక మొదటి నెలలోనే ఒకసారి వెళ్లి కలవాలి. ఇంగ్లిష్ రాదని జంకాల్సిన పని లేదు. తెలుగులోనో ఉర్దూలోనో అడిగినా అది తల్లిదండ్రుల హక్కే.

ఎంటెక్ చేసి లెక్చరర్‌గా చేరాలనుకునే ఆడపిల్లలు చాలా ఇళ్లలో ఉన్నారు. ఇంటివాళ్లకూ ఆ ఉద్యోగం ఇష్టమే. చేరే ముందు ఎన్‌పీటీఈఎల్‌లో ఒక కోర్సు, చేరాక ఆ 8 మాడ్యూళ్లు పూర్తి చేస్తే మొదటి ఏడాది తడబాటు చాలావరకు తగ్గుతుంది. కాలేజీ మెంటర్‌ను ఇవ్వకపోతే, బాగా చెబుతారని పిల్లలు మెచ్చుకునే సీనియర్ దగ్గరకు స్వయంగా వెళ్లి, "మీ క్లాసులో వెనక కూర్చుంటాను మేడం" అని అడగొచ్చు. కాదనేవారు తక్కువ. షాగిర్ద్‌గా కూర్చోవడం తెలిసినవారే రేపు మరో కొత్త లెక్చరర్‌కు ఉస్తాద్ కాగలరు.