పూజగదిలో తుపాకి

కొడగు కొండలలో వేకువజామున ఒక తుపాకి పేలితే ఆ లోయలోని వారెవరూ ఉలిక్కిపడేవారు కారు. ఎవరింటనో మగబిడ్డ పుట్టాడని సంతోషించేవారు. వెంటవెంటనే రెండు పేలితే మాత్రం చేతిలోని పని ఆపి, పోయినది ఎవరా అని ఆరా తీసేవారు. దూరదూరాన విసిరివేసినట్లుండే ఇండ్ల మధ్య వార్త చేరవేయడానికి ఏర్పడిన సంకేతమిది. మనిషి రాకకూ, పోకకూ ఇంటి తుపాకియే సాక్షి.

కర్ణాటకలో, పడమటి కనుమల మీద, కావేరి పుట్టిన చిన్న జిల్లా కొడగు. అక్కడి కొడవలలో ఒక మూలపురుషుని సంతతిని అంతటినీ కలిపి ‘ఒక్క’ అంటారు. ఈ మాట విని తెలుగువాడు ‘ఒకటి’ అని అర్థం చేసుకున్నా భావం అంతగా చెడదు. ఆ వంశానికి ఉమ్మడిగా ఉండే పాత ఇల్లు ‘ఐన్‌మనె’. పూర్వీకులను తలచుకొని దీపం పెట్టేదీ, పెద్దల కాలపు ఆయుధాలను భద్రపరచేదీ అక్కడే. మనం తుపాకి అనే మాటను తురుష్క భాషనుంచి తెచ్చుకున్నాము. కన్నడిగులు దానినే ‘కోవి’ అంటారు. కొడవలకు అది ‘తోకు’.

ఏటా సెప్టెంబరు మొదటివారంలో, వరినాట్లు ముగిసిన పిమ్మట, ‘కైల్‌పొళ్దు’ అనే పండుగ వస్తుంది. ‘కైల్’ అంటే ఆయుధం. నాట్ల కాలమంతా పూజగదిలో విశ్రమించిన ఆయుధాలను ఆనాడు బయటికి తీసి, తుడిచి, గంధం పెట్టి, అగ్నిశిఖ పువ్వులతో అలంకరిస్తారు. దీపం ముందు నైవేద్యం పెట్టిన తరువాత ఇంటి పెద్ద వాటిని చిన్నవారి చేతికి అందిస్తాడు. ఆపైన విందు, ఎత్తున కట్టిన కొబ్బరికాయను గురిచూసి కొట్టే పందెం. మన దసరా ఆయుధపూజలో పనిముట్టుకు మొక్కుతాము. ఇక్కడ దానికి తోడు, ఒక తరం మరొక తరానికి బాధ్యతను అప్పగించడం కూడ ఉన్నది. కోతల కాలంలో వచ్చే పుత్తరి పండుగనాడు తొలి వరి పనను కోసేటప్పుడు కూడ తుపాకి పేలుస్తారు.

ఈ ఆచారం చట్టానికి ఎట్లా లోబడింది? 1834లో ఆంగ్లేయులు కొడగును తమ పాలనలో కలుపుకొన్నారు. 1857 తిరుగుబాటు తరువాత ప్రజలనుంచి ఆయుధాలు లాగివేసుకొంటున్న రోజులలో, 1861లో, కమిషనర్ మార్క్ కబ్బన్ కొడవలకు మినహాయింపు ఇచ్చాడు. స్వతంత్ర భారతం 1959లో చేసిన ఆయుధాల చట్టం క్రింద కూడ అది కొనసాగింది. కొడవలకేగాక, పూర్వం రాజులకు చేసిన సైనికసేవకు ప్రతిఫలంగా సంక్రమించిన ‘జమ్మా’ భూములు గలవారికి కూడ ఇది వర్తిస్తుంది. అయితే దీనికి హద్దులు లేకపోలేదు. జిల్లా దాటి వెళ్ళేవారు ఒక రైఫిలు, నూరు తూటాలు, ఒక మామూలు తుపాకి, అయిదువందల తూటాలకు మించి తీసుకొనిపోరాదు.

తక్కిన భారతీయులకు లేని హక్కు వీరికెందుకు అన్న ప్రశ్న న్యాయస్థానానికి కూడ వెళ్ళింది. పుట్టుకను బట్టి, భూమిని బట్టి ఇచ్చే మినహాయింపు సమానత్వానికి విరుద్ధమని వాదన. ప్రశ్న తేలికైనది కాదు. 2019లో కేంద్రప్రభుత్వం మినహాయింపును 2029 వరకు పొడిగించింది. అది షరతులతో కూడినదేగాని శాశ్వతం కాదని గుర్తిస్తూ, కర్ణాటక హైకోర్టు 2021లో దానిని సమర్థించింది.

మరి ఇతర ప్రాంతాలలో, తాతగారి తుపాకి అటకమీద ఉన్న కుటుంబాల సంగతి ఏమిటి? తుపాకి వారసత్వంగా వచ్చినా లైసెన్సు రాదు. లైసెన్సుదారు మరణిస్తే వారసులు ఆలస్యం చేయక ఆయుధాన్ని పోలీస్ స్టేషనులోగాని, లైసెన్సు గల వర్తకుని వద్దగాని జమచేసి, తమ పేర దరఖాస్తు చేసుకోవాలి. 2016 నాటి నిబంధనల ప్రకారం, డెబ్బయ్యేళ్ళు నిండిన లైసెన్సుదారుడు, లేదా ఇరవైఅయిదేళ్ళుగా ఆయుధం కలిగి ఉన్నవాడు, తన జీవితకాలంలోనే వారసునికి దానిని అప్పగించే ఏర్పాటు చేసుకోవచ్చు. ఒక్కొక్కరి వద్ద ఉండదగిన తుపాకుల సంఖ్యను 2019లో మూడునుంచి రెండుకు తగ్గించారు. బిల్లులో మొదట ఒక్కటే అని ఉన్నది. తాతముత్తాతల ఆయుధాలను ఎట్లా వదులుకొంటామని అభ్యంతరాలు వచ్చిన మీదట రెండయింది.

వారసత్వపు తుపాకిలో మరొక ప్రమాదం పొంచి ఉంటుంది. గొట్టం మూతినుంచి మందు దట్టించే నాటి తుపాకులు నల్ల తుపాకిమందు ఒత్తిడికి తగినట్లు చేసినవి. వాటిలో నేటి మందు వాడితే గొట్టం చీలి, పేల్చినవాని చేతినే బలిగొనవచ్చు. ఏనాడో తాత దట్టించిన మందు ఇంకా లోపలనే ఉండవచ్చు కూడ. అందుచేత పాత ఆయుధాన్ని ఖాళీ అని ఎన్నడూ నమ్మరాదు. తెలిసినవారి చేత పరీక్ష చేయించాలి. పిల్లలకు అందని చోట తాళం వేసి ఉంచాలి.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత కొడగులో వేట ముగిసింది. పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు దూరదేశాలు వెళ్ళారు. ఏడాదిలో ఎక్కువ రోజులు తాళం వేసి ఉండే పాత ఇళ్ళున్నాయి. మగబిడ్డకు మ్రోగే తుపాకి ఆడబిడ్డకు ఎందుకు మ్రోగరాదని అడగవలసిన కాలమూ వచ్చింది. కొబ్బరికాయ పందెంలో స్త్రీలు కూడ గురిపెడుతున్న రోజులివి.

తుపాకిని ఇవ్వడం సులభం. దానిని ఎప్పుడు ఎత్తరాదో నేర్పడమే కష్టం. సంవత్సరంలో కొన్ని నెలలు ఆయుధాన్ని దేవుని ముందు పెట్టి, నాగలి పట్టి పొలానికి వెళ్ళిన ఆ పెద్దలకు ఈ సంగతి తెలుసు. కైల్‌పొళ్దునాడు తుపాకిని అందుకొనే చేతులకు ఇంటి పెద్ద అప్పగించవలసిన అసలు ఆస్తి ఈ తెలివియే.