గిన్నెలో పంచదార, డబ్బాపై విటమిన్లు

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, బ్యాటిల్ క్రీక్ పట్టణపు ఆరోగ్యాశ్రమంలో 1894 ప్రాంతంలో డాక్టర్ జాన్ హార్వీ కెల్లాగ్, ఆయన తమ్ముడు విల్ కీత్ కెల్లాగ్ ఉడికించిన గోధుమలను పలచగా ఒత్తి, కాల్చి తయారు చేసిన రేకులు రోగులకు పెట్టే పథ్యంగా పుట్టాయి. 1906లో సొంత సంస్థ స్థాపించిన తమ్ముడు మొక్కజొన్న రేకులకు పంచదార చేర్చడం అన్నకు నచ్చలేదు. రెండో ప్రపంచయుద్ధం తరువాత పిల్లల కోసమే తీపి పూసిన రకాలు వెల్లువెత్తాయి. 1953లో వచ్చిన షుగర్ స్మాక్స్ బరువులో సగానికి మించి చక్కెరే ఉండేది. 1980లలో ఆ పేరులోని ‘షుగర్’ స్థానంలో ‘హనీ’ చేరింది గాని, గింజలో తీపి పెద్దగా తగ్గలేదు.

డబ్బా ముందువైపు పెద్ద అక్షరాలతో కనిపించే విటమిన్లు, ఇనుము అబద్ధం కావు. అయితే ధాన్యపు పైపొరనూ మొలకనూ తీసివేసి, మిగిలిన పిండిని అధిక వేడిలో ఉబ్బించినప్పుడు సహజ పోషకాలు చాలావరకు పోతాయి కనుక, వేడికి తట్టుకోలేని విటమిన్లను కాల్చిన తరువాత ద్రావణంగా చల్లుతారు. ఇనుమును చాలా రకాల్లో మెత్తని లోహపు పొడిగానే కలుపుతారు. అలాంటి రేకులను నూరి, నీటిలో కలిపి, బలమైన అయస్కాంతాన్ని తిప్పితే నల్లని నలుసులు దానికి అంటుకుంటాయి. ఈ ఇనుము శరీరానికి కొంతవరకు పడుతుంది. అలాగే గర్భస్థ శిశువు వెన్నుపాము లోపాలను నివారించే ఫోలిక్ ఆమ్లాన్ని ఇలా చేర్చడం నిజమైన మేలే, దానిని తక్కువ చేసి చూడరాదు.

కానీ చల్లిన విటమిన్లు పంచదారను రద్దు చేయలేవు. అమెరికాలో అమ్మే, తీపి పూసిన మొక్కజొన్న రేకులైన ఫ్రాస్టెడ్ ఫ్లేక్స్‌లో 37 గ్రాముల వడ్డనకు 12 గ్రాముల చేర్చిన చక్కెర, అంటే సుమారు మూడు చెంచాలు ఉంటుంది. పీచు మాత్రం ఒక గ్రామైనా ఉండదు. 2 నుంచి 18 ఏళ్ల పిల్లలకు చేర్చిన చక్కెర రోజుకు 25 గ్రాములకు లోపే ఉండాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సూచిస్తున్నది. లేబుల్ చెప్పే వడ్డన చాలా చిన్నది, పిల్లవాడు గిన్నె నిండా పోసుకుంటే అది సులభంగా రెట్టింపవుతుంది, దాంతో ఆ రోజు పరిమితి బడికి వెళ్లేలోపే దాదాపు నిండిపోతుంది. పీచు, మాంసకృత్తులు కొరవడిన ఈ తిండి త్వరగా అరిగి మళ్లీ ఆకలి వేస్తుంది. ఆ గిన్నెలోని మాంసకృత్తులలో, కాల్షియంలో అధికభాగం పాలవే.

భారతదేశంలో అమ్మే డబ్బాలపై చేర్చిన చక్కెరను 100 గ్రాములకు లెక్కగట్టి చూపుతారు కాబట్టి, వడ్డన పరిమాణంతో పనిలేకుండా ఆ ఒక్క అంకెతోనే రెండు రకాలను పోల్చవచ్చు.