మీకు తెలుసా? ‘గేజ్’ అంకె పెరిగితే తుపాకీ గొట్టం సన్నబడుతుంది

ఇంటి రక్షణకు షాట్‌గన్ ఉంచుకునే అలవాటున్న అమెరికాలో, కొత్తగా నేర్చుకునేవారికి 12 గేజ్‌కు బదులు 20 గేజ్ తుపాకీని తరచుగా సూచించడానికి కారణం రికాయిల్, అంటే గుండ్లు ముందుకు దూసుకుపోయేటప్పుడు తుపాకీ వెనక్కి వచ్చి భుజాన్ని తన్నడం. గొట్టం లోపలి వ్యాసానికి సరిపోయే సీసపు గుండ్లు ఎన్ని కలిస్తే ఒక పౌను, అనగా సుమారు 454 గ్రాములు, తూగుతాయో ఆ సంఖ్యే గేజ్. అందుచేత 12 గేజ్‌లో దాదాపు 18.5 మిల్లీమీటర్లుండే వ్యాసం 20 గేజ్‌లో 15.6కు తగ్గుతుంది, దానితోపాటే సాధారణంగా రికాయిల్ కూడా.

అయితే ఒకే తూటాను పేల్చినా తేలికైన తుపాకీ బరువైనదానికంటే గట్టిగా తన్నుతుంది కనుక, మోయడం సులువని తేలికైనదాన్ని కొత్తవారి చేతికివ్వడం పొరపాటే. 1963లో వచ్చిన రెమింగ్టన్ 1100 వంటి తుపాకుల్లో, మందు మండగా పుట్టిన వాయువులో కొంత తరువాతి తూటాను ఎక్కించే యంత్రాంగాన్ని నడపడం వల్ల, ఆ తాకిడి కాస్త ఎక్కువ సేపు పరచుకొని భుజానికి మెత్తగా తగులుతుంది.

ఇంతకంటే ముఖ్యమైనది తూటా రంగు: 20 గేజ్ తూటా పొరపాటున 12 గేజ్ గొట్టంలోకి జారి ఇరుక్కున్నప్పుడు, దాని వెనుక మరొకటి పేలిస్తే గొట్టమే పగిలిపోగలదు గనుక, అక్కడ 20 గేజ్ తూటాలను పసుపు రంగులో తయారుచేస్తారు.