వాసన చాలదు, లెక్క కావాలి: మొక్కల నుంచి లభించే కీటక వికర్షకాలకు విద్యార్థుల ప్రయోగశాలలో పరీక్ష

(ప్రత్యేక వ్యాసం)

అనంతపురం జిల్లా గుంతకల్లు ప్రాంతంలో ఖరీఫ్ వేరుశనగను కోసి ఇంటికి చేర్చిన నాటి నుంచి మరుసటి తొలకరి వరకు విత్తనపు కాయను కాపాడుకోవడం రైతు కుటుంబానికి పంట పండించడమంత కష్టమైన పని. సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షపాతం మాత్రమే నమోదయ్యే ఈ కరవు పీఠభూమిలో అదునుకు వాన పడిన రోజున చేతిలో మంచి విత్తనం లేకపోతే ఆ ఏడాది సేద్యం చేజారినట్లే. మరోవైపు నీటి ఎద్దడి ఉన్న చోట తొట్లు, డ్రములు, సిమెంటు కుండీలలో నీటిని రోజుల తరబడి నిల్వ చేసుకోవడం తప్పనిసరి అవుతుంది. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ పెరగడానికి సరిగ్గా అటువంటి నిలవ నీరే అనువైనది. కరవు సీమలో విత్తనానికి పురుగు, మనిషికి దోమ అనే రెండు బెడదలు ఒకే ఇంట్లో ఎదురవుతున్నాయి.

ఈ రెండింటికీ మన పెద్దలు చెట్టునే ఆశ్రయించారు. గాదెలో వేపాకు, వావిలాకు వేయడం, విత్తనానికి వేపనూనె లేదా కానుగ నూనె పట్టించడం, సంధ్యవేళ వేపాకు పొగ వేయడం నేటికీ తెలిసిన పద్ధతులే. వీటిలో ఏది, ఏ పురుగుపై, ఎంతసేపు, ఎంత మోతాదులో పనిచేస్తుందో తేల్చడానికి పెద్ద పరిశోధన సంస్థలే అక్కరలేదు. తొలి అంచెలో ఈ ప్రశ్నకు జవాబు వెదికే శక్తి పట్టణంలోని సాధారణ జూనియర్ లేదా డిగ్రీ కళాశాల జీవశాస్త్ర ప్రయోగశాలకు ఉంది. అయితే ఆ జవాబు ఎంతవరకు వర్తిస్తుందో విద్యార్థులు, అధికారులు, పాత్రికేయులు ముగ్గురూ గుర్తించడం అవసరం.

వికర్షకం అంటే ఏమిటి?

కీటకాన్ని దరిచేరనీయకుండా తొలగించే పదార్థమే వికర్షకం. కీటకాన్ని చంపేది కీటకనాశిని. ఆకుపై వాలినా తిననీయకుండా చేసేది భక్షణ నిరోధకం. వాడుకలో ఈ మూడింటినీ ‘పురుగు మందు’ అనే ఒక్క మాటతోనే వ్యవహరించడం వల్ల అనేక అపోహలు కలుగుతున్నాయి.

వేప ఇందుకు మంచి ఉదాహరణ. 1959లో సూడాన్‌లో మిడతల దండు వచ్చినపుడు మిగిలిన పచ్చదనమంతా పోయినా వేపచెట్లు నిలవడాన్ని జర్మన్ కీటక శాస్త్రవేత్త హైన్రిక్ ష్ముట్టరర్ గమనించారు. 1962లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎస్. ప్రధాన్, ఆయన సహచరులు వేపగింజల పప్పు ద్రావణాన్ని పైర్లపై పిచికారీ చేయగా మిడతలు ఆ పైర్లపై వాలినప్పటికీ తినలేదు. ఇందుకు ముఖ్య కారణమైన అజాడిరాక్టిన్ అనే పదార్థాన్ని 1968లో వేరుచేశారు. అది పురుగును తిననీయదు, పిల్లపురుగు కుబుసం విడిచి ఎదగకుండా అడ్డుపడుతుంది. అనగా వేప చేసే మేలులో అధిక భాగం వాసనతో తరిమేది కాదు. నిమ్మగడ్డి, నీలగిరి వంటి వాటి నూనెలు మాత్రం ప్రధానంగా వాసన ద్వారానే పనిచేస్తాయి. అవి త్వరగా ఆవిరవుతాయి కనుక ప్రభావం కూడా త్వరగా తగ్గుతుంది.

ఈ భేదం తెలియకుండా పరీక్ష జరిపితే మంచి మందు పనికిరానిదిగా, గంటసేపు మాత్రమే పనిచేసేది గొప్ప మందుగా కనిపించే ప్రమాదం ఉంది. ‘పురుగు తొలగుతుందా?’, ‘పురుగు తినడం మానుతుందా?’, ‘పురుగు గుడ్లు పెట్టడం తగ్గుతుందా?’ అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ఒక్కొక్క దానికి ఒక్కొక్క పరీక్ష ఉండాలి.

గిన్నెలో జరిపే పరీక్ష

వికర్షణను కొలవడానికి ప్రపంచమంతటా వాడుకలో ఉన్న సులభ పద్ధతి ఒకటి ఉంది. పెట్రి గిన్నెలో పట్టే గుండ్రని వడపోత కాగితాన్ని సరిగ్గా రెండు సగాలుగా కత్తిరిస్తారు. ఆకు సారాన్ని లేదా నూనెను ఆల్కహాలు వంటి ద్రావణిలో కలిపి ఒక సగానికి పూస్తారు. రెండవ సగానికి అంతే పరిమాణంలో ద్రావణిని మాత్రమే పూస్తారు. రెండూ పూర్తిగా ఆరిన తరువాత గిన్నెలో తిరిగి జతచేసి, మధ్యలో 20 పురుగులను విడుస్తారు. ఇందుకు ధాన్యంలో సులభంగా దొరికే ముక్కపురుగులు, ఎర్ర పిండిపురుగులు అనుకూలమైనవి. అవి కుట్టవు, రోగాలను మోయవు, సీసాలో పెంచుకోవచ్చు. గంట గంటకు ఏ సగంపై ఎన్ని పురుగులు ఉన్నాయో లెక్కించి నమోదు చేస్తారు.

మందు లేని సగంపై ఉన్న పురుగుల సంఖ్య నుంచి మందు పూసిన సగంపై ఉన్న వాటి సంఖ్యను తీసివేసి, మొత్తంతో భాగించి, నూరుతో హెచ్చించితే వికర్షణ శాతం వస్తుంది. ఉదాహరణకు 16 పురుగులు మందు లేని వైపు, 4 మందు ఉన్న వైపు ఉంటే వికర్షణ 60 శాతం. రెండు వైపులా పదేసి ఉంటే సున్నా. మందు వైపే ఎక్కువ చేరితే ఫలితం రుణసంఖ్య అవుతుంది, అనగా ఆ పదార్థం పురుగును ఆకర్షిస్తున్నదన్నమాట. అటువంటి ఫలితాన్ని కూడా దాచకుండా నమోదు చేయవలసి ఉంటుంది.

ద్రావణి ఒక్కటే పూసిన సగం ఈ పరీక్షకు ప్రాణం వంటిది. అది లేకపోతే పురుగు వేపకు తొలగిందో, ఆల్కహాలు వాసనకు తొలగిందో చెప్పలేము. దీనితో పాటు రెండు సగాలకూ ద్రావణి మాత్రమే పూసిన గిన్నెలను కూడా ఉంచాలి. వాటిలోనూ పురుగులు ఒకే వైపు గుమిగూడితే కిటికీ వెలుతురో, బల్ల వాలో కారణమని గ్రహించి ఏర్పాటును సరిచేసుకోవాలి.

ఇరవై పురుగులు, ఒక్క సాక్ష్యం

విద్యార్థుల నివేదికల్లో పొరపాటుకు ఎక్కువ అవకాశమున్న చోటు లెక్క. ఏ గుణమూ లేని కాగితంపై 20 పురుగులను విడిచినా ఒక వైపు 13 లేక అంతకంటె ఎక్కువ చేరడం దాదాపు ప్రతి నాలుగు సార్లలో ఒకసారి కేవలం యాదృచ్ఛికంగానే జరగవచ్చు. బొమ్మా బొరుసూ ఎగురవేసినపుడు వచ్చే లెక్కే ఇది. కనుక ఒకే గిన్నెలో 13కు 7 వచ్చినంత మాత్రాన మందు పనిచేసిందని ప్రకటించరాదు.

ఇంతకంటె సూక్ష్మమైన విషయం మరొకటి ఉంది. పిండిపురుగులు ఒకదాని వాసనను పట్టి మరొకటి గుమిగూడే స్వభావం గలవి. ముందు వెళ్ళిన రెండు మూడు పురుగుల వెంట మిగిలినవి పోతే, అది ఇరవై పురుగుల తీర్పు కాదు, ఆ రెండు మూడింటి తీర్పే. అందువల్ల ఒక గిన్నె మొత్తాన్ని ఒక్క సాక్ష్యంగానే పరిగణించడం న్యాయం. ఎనిమిది గిన్నెలు పెట్టి, మందు ఉన్న సగాన్ని ఒక్కొక్క గిన్నెలో ఒక్కొక్క దిక్కుకు మార్చి, ఎనిమిదింటిలోనూ పురుగులు మందు లేని వైపే అధికంగా చేరితే ఆ ఫలితానికి బలం చేకూరుతుంది. మందుకు ఏ గుణమూ లేనపుడు అటువంటి ఫలితం కేవలం అదృష్టవశాత్తూ వచ్చే అవకాశం 256లో ఒకటి మాత్రమే. లెక్కించే విద్యార్థికి ఏ సగంపై మందు ఉందో తెలియకుండా గిన్నెలకు సంఖ్యలు వేయడం మరొక మంచి జాగ్రత్త.

ఉష్ణోగ్రతను నమోదు చేయడం కూడా మరువరాదు. వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే గుంతకల్లులో సుగంధ నూనెలు చల్లని ప్రాంతంలో కంటె త్వరగా ఆవిరవుతాయి. విత్తనం నిల్వ ఉండేది కూడా ఆ వేసవిలోనే. కాబట్టి డిసెంబరులో వచ్చిన ఫలితాన్ని మే నెలలో తిరిగి పరీక్షించి చూడవలసి ఉంటుంది.

కాగితం నుంచి కాయకు

గిన్నెలో నెగ్గిన మందు గాదెలో నెగ్గుతుందన్న హామీ లేదు. నిల్వ వేరుశనగను నష్టపరిచే పెంకుపురుగు కాయ పొట్టుపై గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు పొట్టును తొలిచి లోపలి పప్పును తిని, గుండ్రని రంధ్రం చేసుకొని వెలుపలికి వస్తుంది. ఇదే పురుగు చింతకాయలలోనూ పెరుగుతుంది. చింతపండును, వేరుశనగ కాయను ఒకే చోట నిల్వ చేయరాదనడానికి కారణమిదే.

కనుక రెండవ అంచెలో విత్తనాలనే పరీక్షించాలి. గుడ్డ మూత కట్టిన సీసాలలో కొన్నింట నూనె పట్టించిన కాయలు, కొన్నింట పట్టించని కాయలు పోసి, సమాన సంఖ్యలో పురుగులను విడిచి, గుడ్ల సంఖ్యను, ఆ పైన రంధ్రాలు పడిన కాయల సంఖ్యను లెక్కించవచ్చు. పప్పుధాన్యాల నిల్వలో కిలో విత్తనానికి 5 మిల్లీలీటర్ల వేపనూనె పట్టించడం తెలిసిన సిఫారసే కనుక పోలికకు అది మంచి ప్రమాణం. చివరిగా ఆ విత్తనాలను తడి గుడ్డలో ఉంచి మొలక శాతం చూడాలి. పురుగును ఆపి మొలకను చంపే మందు రైతుకు అక్కరకు రాదు.

దోమల విషయంలో హద్దు

దోమల వికర్షకాలను శాస్త్రవేత్తలు పంజరంలోని దోమల మధ్య చేతిని ఉంచి, మొదటి కాటు పడే వరకు గడిచిన సమయాన్ని బట్టి అంచనా వేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇందుకు మార్గదర్శకాలను వెలువరించింది. రోగక్రిములు లేని ప్రయోగశాల దోమలు, నైతిక సంఘం అనుమతి, వైద్య పర్యవేక్షణ ఇందుకు కావాలి. వీధిలో పట్టిన దోమలతో గాని, తొట్టిలోని పురుగులను పెంచి తీసిన దోమలతో గాని విద్యార్థులు తమ చేతులపై ఇటువంటి పరీక్ష జరపడం ఎంతమాత్రం తగదు. డెంగీ క్రిమి తల్లి దోమ నుంచి గుడ్ల ద్వారా తరువాతి తరానికి సంక్రమించే అవకాశం కూడా ఉంది.

ఈ రంగంలో ఫలితాలు ఎంత భిన్నంగా ఉంటాయో రెండు పరిశోధనలు తెలుపుతాయి. కొబ్బరినూనెలో 2 శాతం వేపనూనె కలిపి పూస్తే అనాఫిలిస్ దోమల నుంచి 12 గంటల రక్షణ లభించిందని 1993లో భారతీయ శాస్త్రవేత్తలు ప్రకటించారు. 2002లో అమెరికాలో ఏడిస్ దోమలతో జరిపిన పరీక్షలో దాదాపు 24 శాతం డీట్ గల మందు సగటున 301 నిమిషాలు, సోయా నూనెతో చేసినది సుమారు 95 నిమిషాలు రక్షణనివ్వగా, పరీక్షించిన ఇతర మొక్కల మందులు 20 నిమిషాలకు మించి నిలవలేదు. ఇందులో ఒకటి నిజం, మరొకటి అబద్ధం అనుకోనక్కరలేదు. దోమ జాతి, నూనె, మోతాదు, పరీక్షా పద్ధతి మారితే ఫలితం మారుతుంది. కాని పగటి పూట కుట్టే ఏడిస్ దోమ నుంచి ఒక్కసారి పూసిన మూలికా నూనె రోజంతా కాపాడుతుందని నమ్మిన తల్లి బిడ్డకు ప్రమాదం తెచ్చుకున్నట్లే. నీటి తొట్లకు మూత పెట్టడం, వారానికొకసారి ఖాళీ చేసి ఆరబెట్టడం, దోమతెర వాడటం అనే జాగ్రత్తలకు ఏ నూనే ప్రత్యామ్నాయం కాదు.

సహజమైనదంతా నిరపాయకరమని భావించడం కూడా పొరపాటే. వేపనూనెను లోపలికి తాగించినందువల్ల పసిపిల్లలు తీవ్ర అస్వస్థతకు గురైన ఉదంతాలు వైద్య పత్రికలలో నమోదై ఉన్నాయి.

నమోదు చేసిన అనుభవానికే విలువ

అనుభవాన్ని నమోదు చేయడం ఎందుకు ముఖ్యమో వేప చరిత్రే చెబుతుంది. వేపనూనెతో శిలీంద్రాలను అరికట్టే పద్ధతిపై ఒక అమెరికన్ కంపెనీకి, ఆ దేశ వ్యవసాయ శాఖకు 1994లో ఐరోపా పేటెంటు మంజూరయింది. ఆ జ్ఞానం భారతదేశంలో మునుపే వాడుకలో ఉన్నదని సాక్ష్యాధారాలు చూపిన మీదట 2000లో అది రద్దయింది. అప్పీలు 2005 మార్చి 8న తిరస్కరణకు గురయింది. వేప మనదన్న నమ్మకం ఆ విజయాన్ని తేలేదు, చూపగలిగిన ఆధారమే తెచ్చింది. అంతకు వందేళ్ళకు పూర్వం 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నది కూడా దోమను దోమగా కోసి, చూసినది చూసినట్లు రాసుకున్న ఓపిక ఫలితమే.

విద్యార్థుల ఫలితాలను ప్రచురించే ముందు పాత్రికేయులు నాలుగు ప్రశ్నలు అడగడం సముచితం. ఏ పురుగుపై పరీక్షించారు? దేనితో పోల్చారు? ఎన్నిసార్లు చేశారు? ప్రభావం ఎంతసేపు నిలిచింది? వీటికి జవాబు ఉంటే అది వార్త. జవాబు లేని ఫలితాన్ని ‘కొత్త మందు ఆవిష్కరణ’గా ప్రకటించడం విద్యార్థికీ, పాఠకుడికీ మేలు చేయదు. క్రిమిసంహారక మందుల చట్టం, 1968 కింద నమోదైన మందులలో వేప ఆధారిత అజాడిరాక్టిన్ మందులు కూడా ఉన్న సంగతిని, అమ్మకం మాట వచ్చినపుడు, విస్మరించరాదు.

ఆశాజనకమైన ఫలితాలను అనంతపురంలోని వ్యవసాయ పరిశోధన స్థానం, రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తల దృష్టికి తీసుకువెళ్ళడం అధికారులు చేయదగిన పని. 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ వంటి వేదికలు కూడా ఇందుకు ఉపకరిస్తాయి. పనిచేయలేదని తేలిన ఆకుల జాబితా సైతం విలువైనదే. వావిలాకు గాదెను కాపాడలేదని గుంతకల్లు విద్యార్థి ఒకరు నిజాయితీగా లెక్కగట్టి చెప్పగలిగితే, ఆ మాట విన్న రైతు తొలకరికి ముందే మరొక జాగ్రత్త తీసుకుంటాడు. విత్తనం దక్కుతుంది.